మెడికల్ సోషల్ వర్కర్: వాడే విధానం

నాయనా, ఛార్జి తీసుకున్న రోజు సాయంత్రమే పూతరేకుల డబ్బా పట్టుకుని ఇంటికొచ్చి దణ్ణం పెట్టావు. ఈ రోజుల్లో అంత పద్ధతి తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే నాకు తెలిసిన నాలుగు మాటలు రాసి ఇస్తున్నాను. 34 ఏళ్ళు పెద్దాసుపత్రి ఆఫీసులో చేసి, ఆఫీసు సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ణి. ఊరి పేరు మాత్రం ఈ కాగితం మీద పెట్టను. పెన్షన్ మీద బతుకుతున్నాను.

డాక్టర్లతో ఎలా నెగ్గుకురావాలో నీకు హెడ్ క్లర్కు చెబుతాడు. నర్సుల సంగతి వాళ్ళ యూనియనే చెబుతుంది. ఎవరూ చెప్పనిది ఒకటుంది. అది మెడికల్ సోషల్ వర్కర్ సంగతి. ఎమ్మెస్‌డబ్ల్యూ అంటారు. చదివిన చదువు పేరూ అదే, చేసే ఉద్యోగం పేరూ అదే. ఆ మనిషి మందు రాయదు, సూది వేయదు, కట్టు కట్టదు, బిల్లు కొట్టదు. మరేం చేస్తుందయ్యా అంటే, అడుగుతుంది. ఎదుటివాణ్ణి కూర్చోబెట్టి ఇంటి సంగతులు అడుగుతుంది. అందుకే జాగ్రత్తగా ఉండమంటున్నాను.

అసలా పోస్టు మనకెందుకుందో ముందు అర్థం చేసుకో. మెడికల్ కాలేజీ అన్నాక కమ్యూనిటీ మెడిసిన్‌లో ఒకరు, అక్కడొకరు ఇక్కడొకరు సోషల్ వర్కర్లు ఉండాలని రూలు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దలు తలలు లెక్కపెడతారు. తల ఉందా లేదా అన్నదే లెక్క. ఆ తల మిగతా 364 రోజులూ ఏం చేస్తోందని ఇంతవరకు ఒక్క ఇన్‌స్పెక్టరూ నన్నడగలేదు. కాబట్టి ఆ ఒక్కరోజు చీర బాగా కట్టుకుని రమ్మని చెప్పు, చాలు.

ఈ ఉద్యోగం పుట్టుపూర్వోత్తరాలు నాకు ఆ అమ్మాయే చెప్పింది, టీ తాగుతూ. ఆ అమ్మాయంటే నా హయాంలో నాలుగేళ్ళు పనిచేసిన సోషల్ వర్కరు. 1895లో లండన్‌లో రాయల్ ఫ్రీ హాస్పిటల్ అనేచోట మేరీ స్టూవర్ట్ అనే ఆవిణ్ణి పెట్టారట. ఎందుకు? ఉచిత వైద్యానికి తగనివాళ్ళు దొంగచాటుగా వచ్చి వాడుకుంటున్నారేమో కనిపెట్టడానికి. చూశావా, పుట్టుక ఎంత చక్కగా ఉందో! అలాగే ఉండిపోతే మనకీ ఇబ్బంది ఉండేది కాదు. పదేళ్ళు తిరిగేసరికి, 1905లో, బోస్టన్‌లో రిచర్డ్ కాబట్ అనే డాక్టరు చెడగొట్టాడు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఆయన దగ్గరకి వచ్చిన రోగులే మళ్ళీ మళ్ళీ వస్తుంటే, జబ్బు మందుతో పోవడం లేదు, ఇంట్లోనే ఏదో ఉందని ఆయనకి అనుమానం వచ్చిందట. గార్నెట్ పెల్టన్ అనే నర్సుని పెట్టి ఇంటి సంగతులు కనుక్కోమన్నాడు. కొన్ని నెలలకే పెల్టన్‌కి క్షయ సోకింది. తరవాత ఐడా కానన్ వచ్చి దశాబ్దాల పాటు కదలలేదు. నాకు నచ్చిందేమిటంటే, అక్కడి యాజమాన్యం వాళ్ళకి జీతం ఇవ్వలేదు. కాబట్ సొంత డబ్బు పెట్టుకున్నాడు, చందాలు పోగుచేశాడు. 1919 దాకా ఆసుపత్రి ఆ ఖర్చు తన నెత్తిన వేసుకోలేదు. పాలన అంటే అదీ. బల్ల కూడా వరండా మూల వేశారట.

మనకి 1946లో బొంబాయి జె.జె. ఆసుపత్రితో మొదలైంది. ఇక అసలు విషయానికొస్తాను.

గది

మెట్ల కింద ఇవ్వు. మన దగ్గర అలాంటి గది ఉండనే ఉంది. విరిగిన సెలైన్ స్టాండ్లు, చక్రం ఊడిన స్ట్రెచరు, 1998 నాటి కుటుంబ నియంత్రణ బోర్డులు అందులోనే ఉంటాయి. వాటిని తీయించకు, కండెమ్నేషన్ ఫైలు ఇంకా తేలలేదు. ఒక బల్ల ఉండనివ్వు. ఒక కాలు పొట్టిది అక్కడే ఒకటుంది, అది చాలు. కార్పెంటరు కోసం ఇండెంటు పెడితే తీసుకో, పంపకు.

కుర్చీ మాత్రం ఒక్కటే. ఈ మాట బాగా గుర్తుంచుకో. రెండో కుర్చీ ఇచ్చావంటే ఎదుటి మనిషి కూర్చుంటాడు. కూర్చున్నవాడు కాసేపటికి ఏడుస్తాడు. ఏడుపు ఆగాక అసలు సంగతి చెబుతాడు. అసలు సంగతి బయటపడితే ఎవరో ఒకరు కాగితం రాయాలి, కాగితం రాస్తే అది తిరిగి తిరిగి నీ బల్ల మీదికే వస్తుంది. నిలబడ్డవాడు రెండు ముక్కల్లో ముగించి వెళ్ళిపోతాడు.

నేనూ ఒక్క కుర్చీయే ఇచ్చాను. ఆ అమ్మాయి చక్రం ఊడిన స్ట్రెచరుని గోడకి ఆనించి, కింద ఇటుకలు పెట్టి, పైన పాత దుప్పటి పరిచింది. ముగ్గురు కూర్చునే బెంచీ అయింది. ప్రభుత్వ ఆస్తిని ఉద్దేశించిన పనికి కాక వేరే పనికి వాడినందుకు మెమో ఇవ్వచ్చు. ఇచ్చాను కూడా. బల్ల ఊగుతోందంటే అట్టముక్క మడిచి పెట్టుకోమన్నాను.

పని

పేరులో సోషల్ అని ఉంది కదా, ఫంక్షన్లన్నీ అప్పజెప్పు. ఆగస్టు 15కి రంగుకాగితాలు, మంత్రిగారొస్తే బొకే, చేతులు కడుక్కునే దినోత్సవానికి ఫ్లెక్సీ, రక్తదాన శిబిరానికి ఫొటోలు. ఓపీ చీటీల దగ్గర తోపులాట ఎక్కువైతే లైను సర్దడానికి పంపు. ఖాళీగా ఉండనివ్వకు. ఖాళీ దొరికితే వార్డుల్లో తిరుగుతుంది.

ఎవరైనా వచ్చి, "సోషల్ వర్కరు మేడం ఎక్కడుంటారండీ?" అని అడిగితే ఆరోగ్యమిత్ర కౌంటర్ చూపించు. రెండూ ఒకటే అని చెప్పు. జనానికి తేడా తెలీదు. నిజానికి నాకూ చాలాకాలం తెలీదు. 2007 ఏప్రిల్‌లో రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టినప్పుడు ఈ మిత్రలొచ్చారు. కార్డు చూడటం, ఆ జబ్బు జాబితాలో ఉందో లేదో చూడటం, అనుమతికి పంపడం, వాళ్ళ పని అది. ఇప్పుడు ఆంధ్రలో దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, తెలంగాణలో ఆరోగ్యశ్రీగానే ఉండి పరిమితి 10 లక్షలైంది. జనం నోట్లో మాత్రం రెండుచోట్లా ఆరోగ్యశ్రీయే. ఆ అమ్మాయి వాదన ఏమిటంటే, మిత్ర చూసేది కార్డుని, నేను చూసేది కార్డు పట్టుకున్న చేతిని అని. ఇలాంటి మాటలు మీటింగుల్లో బాగుంటాయి. కార్డులో పేరు లేని కోడలు, ఆధార్‌లో వేలిముద్ర పడని కూలీ, జబ్బు జాబితాలో ఉన్నా ఊరినుంచి రావడానికి బస్సు ఛార్జీ లేనివాడు, వీళ్ళందరినీ పోగేసుకుని ఆ స్ట్రెచరు బెంచీ మీద కూర్చోబెట్టేది. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తులు రాసేది. సదరం క్యాంపు తారీఖులు గోడ మీద సుద్దతో రాసిపెట్టేది. గోడకి సున్నం వేసి ఎన్నాళ్ళో కాలేదు కాబట్టి ఊరుకున్నాను.

రౌండ్స్

రానివ్వకు. ఇది నాలుగో సూత్రమో మూడోదో, లెక్క వదిలేశాను. పెద్ద డాక్టరుగారు ముందు, అసిస్టెంటు ప్రొఫెసర్లు వెనక, పీజీలు వాళ్ళ వెనక, హౌస్ సర్జన్లు చివర నడిచే ఊరేగింపులో సోషల్ వర్కరుకి చోటెక్కడుంది? ఎందుకు వద్దంటున్నానో ఒక ఉదాహరణ చెబుతాను.

మిరపకాయలు ఏరడానికి వెళ్ళే మనిషి ఒకావిడ, ఏభై దాటి ఉంటాయి, నాలుగు నెలల్లో మూడోసారి అడ్మిటయింది. షుగరు. ప్రతిసారీ కళ్ళు తేలేసి రావడం, సెలైన్లు, ఇన్సులిన్, వారానికి లేచి కూర్చోవడం, డిశ్చార్జి. కేసు షీటులో పీజీ డాక్టరు శుభ్రంగా రాశాడు: మందులు సరిగా వాడుట లేదు. వాక్యం పూర్తయింది, కేసు అర్థమైంది. పెద్ద డాక్టరుగారు, "ఏమ్మా, సూది చేసుకోవడానికి బద్ధకమా?" అని నాలుగు చీవాట్లు పెట్టారు. ఆవిడ తల దించుకుంది. అంతా సవ్యంగా జరుగుతోంది.

అప్పుడు వెనకనుంచి ఈ అమ్మాయి, "ఆ సీసా ఇంట్లో ఎక్కడ పెడతావు పిన్నీ?" అంది.

ఊరేగింపు ఆగింది. ఆవిడ చెప్పింది, బియ్యం డబ్బాలో పెడుతుందట, ఎలకలు దొర్లించకుండా. ఇల్లు రేకుల షెడ్డు. నెల మే. ఫ్రిజ్ లేదు. పక్కింట్లో ఉంది, మొదట్లో రెండు వారాలు అక్కడే పెట్టుకుంది. పొద్దున ఆరింటికీ రాత్రి ఎనిమిదింటికీ వాళ్ళ తలుపు కొట్టాలంటే మొహమాటం వేసి తెచ్చేసుకుంది. సూది మాత్రం ఒక్కపూట మానలేదు. ఉడికిపోయిన మందే రోజూ రెండుపూటలా పొడుచుకుంటోంది.

ఈ అమ్మాయి ఓపీ చీటీ తిరగేసి బొమ్మ గీసింది. పెద్ద కుండ, అందులో తడి ఇసుక, ఇసుకలో చిన్న ముంత, ముంతలో కవరులో చుట్టిన సీసా, పైన తడిగుడ్డ. నీడపట్టున పెట్టుకోమంది, పొద్దునా సాయంత్రం ఇసుక మీద నీళ్ళు చల్లమంది. పెద్ద డాక్టరుగారు ఆ చీటీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఆయనకి అంత తీరిక ఎక్కడిది? తరవాతి మంచం దగ్గరకి వెళ్ళేసరికి పదకొండయింది.

కుండలో నీళ్ళు చల్లబడతాయని మా అమ్మమ్మకీ తెలుసు. దానికి రెండేళ్ళు పీజీ చదవాలా? పైగా నష్టం చూడు. ఆవిడ మళ్ళీ వార్డుకి రాలేదు. మూడు నెలలకోసారి ఓపీకి వచ్చి సీసాలు పట్టుకెళ్ళేదట. అలా ఒక్కొక్కరూ రావడం మానేస్తే మన మంచాల ఆక్యుపెన్సీ ఏం కావాలి? ఇన్‌స్పెక్షన్‌కి ఏం చూపిస్తావు?

రిజిస్టరు

నీ ఆయుధం ఇదే. వరస నంబరు, పేరు, వయసు, ఓపీ నంబరు, ఇచ్చిన సేవ, సంతకం. ఇచ్చిన సేవ అన్న గడి అంగుళం మించకూడదు. కౌన్సెలింగ్ ఇవ్వబడినది అని రబ్బరు స్టాంపు చేయించి ఇచ్చేయ్. నెలకి 200 స్టాంపులు పడాలని టార్గెట్ పెట్టు. 200 పడితే పని చేస్తున్నట్టు.

నేను స్టాంపు చేయించి ఇచ్చినా ఆ అమ్మాయి పేజీలకి పేజీలు రాసేది. ఒకసారి పిలిచి చదివి వినిపించమన్నాను. లారీ క్లీనరు కుర్రాడు, టీబీ. రెండు నెలలు మాత్రలు మింగి మానేశాడు. ఎందుకురా అంటే, మింగితే ఆకలి దంచేస్తోందక్కా అన్నాడట. రాత్రంతా బండి మీద, తెల్లారి తిందామంటే జేబులో ఉండదు. టీబీ వాళ్ళకి తిండికోసం కేంద్రం 2018 ఏప్రిల్ నుంచి నెలకి 500 ఇస్తోంది, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. ఈ కుర్రాడికి ఒక్క రూపాయి అందలేదు. ఎప్పుడో తెరిచిన బ్యాంకు ఖాతా వాడక మూతపడింది. ఆ అమ్మాయి వాణ్ణి బ్యాంకుకి తీసుకెళ్ళి నాలుగు గంటలు లైనులో నిలబడి ఖాతా తెరిపించింది. ఆ పూట ఆసుపత్రిలో ఎన్ని స్టాంపులు పడ్డాయి? సున్నా. అదే అడిగాను. "ఆకలి అని రాయడానికి గడి ఏదండీ?" అని ఎదురడిగింది. మన రిజిస్టరులో ఆకలికి గడి లేదు నాయనా. ఉండకూడదు కూడా. ఒకసారి పెడితే దాని కింద వరసలు చాలవు.

మందు తాగిన కేసులు

దీని గురించి గొంతు తగ్గించి చెబుతాను. పురుగులమందు తాగినవాణ్ణి తెస్తే కేసు షీటులో ఏం రాస్తారో నీకు తెలుసు. కడుపునొప్పి భరించలేక. మన రెండు రాష్ట్రాల్లో ఇంతమందికి కడుపునొప్పి ఎందుకొస్తుందో నేనెప్పుడూ అడగలేదు. అది చాలా సుఖమైన మాట. అందులో అప్పిచ్చినవాడు లేడు, మొగుడు లేడు, అత్త లేదు, ఫెయిలైన పరీక్ష లేదు. ఔట్‌పోస్టు పోలీసుకీ సుఖం, ఇంట్లోవాళ్ళకీ పరువు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలట, శిక్షించకూడదట, ప్రభుత్వమే ఆదుకోవాలట. చట్టం ఢిల్లీలో చేస్తారు. కేసు షీటు ఇక్కడ రాస్తారు.

ఆ అమ్మాయి ఒక రైతు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "కడుపునొప్పి ఎప్పట్నుంచి బాబాయ్?" అంది.

"మూడో బోరు వేసినకాణ్ణుంచమ్మా" అన్నాడు.

ఇక అంతే. ఒక గంట మాట్లాడుకున్నారు. వడ్డీ ఎంత, ఎవరి దగ్గర, ఇంట్లో తెలుసా, పెద్దమ్మాయి ఏం చదువుతోంది, ఇంట్లో ఆ డబ్బా ఇంకా మిగిలుందా, ఎవరు తీసి దాస్తారు. వాళ్ళావిణ్ణి పిలిచి విడిగా ఇంకో అరగంట. సైకియాట్రీ వార్డుకి చీటీ. రాత్రి ఎప్పుడు గుండె బరువెక్కినా ఫోన్ చేయమని 14416 నంబరు పెద్దక్షరాలతో రాసి వాళ్ళమ్మాయి చేతికిచ్చింది. మనిషి బతికి ఇంటికెళ్ళాడు, సరే. నువ్వు మాత్రం కడుపునొప్పినే కాపాడుకో.

డిశ్చార్జి

నీకూ సోషల్ వర్కరుకీ నిజంగా గొడవొచ్చేది ఇక్కడే. డిశ్చార్జి అంటే మన లెక్కలో మంచం ఖాళీ కావడం. వాళ్ళ లెక్కలో మనిషి ఇంటికి చేరడం. రెండింటికీ మధ్య ఎంత దూరముందో నువ్వు కొలవకు.

ఆర్థో వార్డులో ఒక ముసలాయన. తుంటి ఎముక విరిగితే ఆపరేషను చేశారు, బాగా కుదిరింది. పదిన్నరకి డాక్టరుగారు డిశ్చార్జి రాశారు. బయట వరండాలో ఇంకో ఇద్దరు స్ట్రెచర్ల మీద ఉన్నారు. అప్పుడు ఈ అమ్మాయి నా గదికొచ్చింది. మూడు రోజులు ఆగమంది. కొడుకు హైదరాబాదులో సెంట్రింగ్ పనికి వెళ్ళాడు, ఆదివారానికి గానీ రాడు. ముసలామెకి చూపు ఆనదు. మరుగుదొడ్డి ఇంటి వెనక, మధ్యలో రెండు మెట్లు. పక్కకి ఎలా తిప్పాలో ఆవిడకెవరూ చూపించలేదు. కొడుకొస్తే వాడికి నేర్పిస్తాను, ఆ ఊరి ఆశా కార్యకర్తతో మాట్లాడతాను, మూడు రోజులే అంది.

ఆసుపత్రి ధర్మసత్రం కాదన్నాను. ఈ వాక్యం నువ్వు కంఠస్థం చెయ్, ప్రతి నెలా పనికొస్తుంది.

ఆటోలో పంపించేశాం. మంచం పదకొండుంపావుకల్లా నిండింది. పంతొమ్మిదో రోజున ఆయన్నే మళ్ళీ తెచ్చారు. ఆపరేషను చేసిన కాలు బానే ఉంది. నడుం కింద పుండ్లు, అరచెయ్యంత. వాసనకి పక్క మంచంవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఈసారి నలభై రోజులున్నాడు. కొత్త అడ్మిషను, కొత్త ఐపీ నంబరు. ఏడాది లెక్కల్లో ఆయన ఇద్దరు రోగులు. ఆ అమ్మాయి నాతో ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం ఐదింటికి బయోమెట్రిక్ వేలు వేసి, మళ్ళీ వార్డుకెళ్ళి, ముసలామెకి ఆయన్ని పక్కకి తిప్పడం నేర్పించేది. ఓవర్‌టైం అడగలేదు కాబట్టి నేనూ అడ్డుచెప్పలేదు.

ఇష్టపూర్వకంగా వెళ్ళిపోతామనేవాళ్ళ విషయం తేలిక. "మా సొంత బాధ్యత మీద తీసుకుపోతున్నాము" అని కేసు షీటు మీద వేలిముద్ర వేయించుకో. ఎందుకు వెళ్తున్నారని అడక్కు. అడిగితే, గేదెకి గడ్డి వేసేవాళ్ళు లేరనో, బడికెళ్ళే పిల్లల్ని పక్కింట్లో వదిలొచ్చామనో, పెట్టిన తాకట్టు అయిపోయిందనో చెబుతారు. వీటికి మన ఫార్మసీలో మందు లేదు.

సాగనంపడం

కాంట్రాక్టు ఏడాదికోసారి రెన్యువల్ కదా, మార్చి వచ్చేసరికి ఫైలుని కాస్త నెమ్మదిగా కదుపు. మనిషి అదుపులో ఉంటుంది. ఆ అమ్మాయి ఫైలు మూడేళ్ళు అలాగే కదిపాను. నాలుగో ఏడు మరీ నెమ్మదయిపోయింది. అయిదు నెలలు జీతం లేకుండా వచ్చింది. ఆరో నెల రాలేదు. వేరే ఊళ్ళో ఏదో సంస్థలో చేరిందన్నారు.

వెళ్ళేముందు ఒకరోజు వచ్చి ఛార్జి అప్పగించింది. రిజిస్టర్లు 4, రబ్బరు స్టాంపు 1, వాడనిది. కుర్చీ 1. బల్ల 1. సరిచూసి సంతకం చేశాను. ఇంకోటి కూడా ఇచ్చింది, నీలం అట్ట డైరీ. తరవాత వచ్చేవాళ్ళకి పనికొస్తుందండీ అంది. తిరగేశాను. ఏ మండలంలో ఆశా కార్యకర్తలెవరు, ఏ ఆటో అతను డబ్బులు తరవాతిచ్చినా వస్తాడు, ఓ నెగటివ్ రక్తం ఎవరిస్తారు, ఏ వృద్ధాశ్రమంలో మంచం పట్టినవాళ్ళనీ చేర్చుకుంటారు, శవాన్ని ఊరికి చేర్చే ఉచిత వాహనం డ్రైవరు రాత్రిపూట ఏ నంబరులో దొరుకుతాడు, ఏ బ్యాంకులో ఏ గుమస్తా విసుక్కోడు. అటూ ఇటూ అంచులదాకా రాసేసింది. మధ్యలో కుండ బొమ్మ కూడా ఉంది.

ఇన్వెంటరీలో దానికి నంబరు లేదు. నంబరు లేని వస్తువుని ఛార్జి లిస్టులో చూపించకూడదు, పారేద్దామంటే అట్ట గట్టిగా ఉంది. ఆ మెట్ల కింద గదిలో బల్ల కాలి కింద పెట్టాను. అట్టముక్కలు పదిరోజులకోసారి నలిగిపోయేవి, ఇది లావు సరిగ్గా సరిపోయింది. కొత్తమ్మాయి ఎవరైనా వస్తే ఆ బల్లే ఇవ్వు. ఇప్పుడు ఊగడం లేదు.